మీటరు చూసి కరెంటు బిల్లు తగ్గించుకోవడం ఎలా

కరెంటు ఆదా చేయాలనుకోగానే చాలామంది సెల్ ఛార్జర్ పీకడంతో మొదలుపెడతారు. ఫోన్ తగిలించకుండా ఛార్జర్ నెలంతా ప్లగ్గులో ఉన్నా ఒక యూనిట్ కూడా కాదు. బిల్లు పెంచేవి వేడి చేసేవి, చల్లబరిచేవి, రోజంతా తిరిగేవి. వీటిలో ఏది ఎంత లాగుతోందో తెలుసుకోవడానికి కొత్త పరికరమేదీ కొనక్కర్లేదు, గుమ్మం దగ్గరి మీటరు చాలు.

ముందు శ్లాబు సంగతి. తెలంగాణలో 2022-23 టారిఫ్ ప్రకారం 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, రెండో వందకు 4.80 (మొత్తం వంద లోపే అయితే ఇంకా తక్కువ). 200 దాటితే లెక్క మొదటి యూనిట్ నుంచీ మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70 చొప్పున పడుతుంది. 200 యూనిట్లకు 820 రూపాయలయ్యే ఎనర్జీ ఛార్జీ 201 యూనిట్లకు 1,027 దాటుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల పైమాటే! తెలంగాణ గృహజ్యోతి పథకంలో సున్నా బిల్లుకు హద్దు కూడా 200 యూనిట్లే. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది వచ్చిన టెలిస్కోపిక్ పద్ధతిలో ఈ గండం లేదు, శ్లాబు దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ తాజా బిల్లుతో సరిచూసుకోండి.

రీడింగ్ తీసే తేదీ తెలుసుకుని, పదిహేను రోజులకోసారి మీరే మీటరు చూసి రాసుకోండి. సగం నెలకే 110 దాటితే మిగిలిన రోజుల్లో ఎక్కడ తగ్గించాలో ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది.

ఇక అసలు పరీక్ష. డిజిటల్ మీటరు మీద మినుకుమనే ఎర్ర దీపం ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మినుకుమంటుందో మీటరు మీదే ముద్రించి ఉంటుంది. 3200 అని ఉందనుకుందాం. ఫ్రిజ్, ఇన్వర్టర్‌తో సహా అన్నీ స్విచ్చుల దగ్గర ఆపేయండి, మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉండాలి. ఇప్పుడు ఒక్క వస్తువు వేసి నిమిషంలో ఎన్ని మినుకులో లెక్కపెట్టి, 18.75తో గుణిస్తే వాట్లు వస్తాయి. మామూలు సీలింగ్ ఫ్యానుకు నాలుగు మినుకులు వస్తే 75 వాట్లు. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే 60,000ను దానితో భాగించి, 18.75 బదులు ఆ సంఖ్య వాడండి. అన్నీ ఆపినా దీపం మినుకుమంటూనే ఉంటే ఏదో ఒకటి మర్చిపోయారు, లేదా వైరింగులో లీకేజీ ఉంది. రెండోదైతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

ఫ్యాన్ల దగ్గర మిగిలేది మన ఊళ్లలో చాలామంది ఊహించేదానికంటే ఎక్కువ. 75 వాట్ల ఫ్యాను రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. అదే తక్కువ కరెంటు తినే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరిగితే 14 యూనిట్ల పైచిలుకు. ఒక్క ఫ్యాను మీదే ఇరవై యూనిట్లకు పైగా మిగులుతుంది. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, ఎక్కువ గంటలు తిరిగే పడకగది, హాలు ఫ్యాన్లు చాలు. బిగించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. పాత రెగ్యులేటర్‌ను అలాగే ఉంచి దాని మీదుగా బీఎల్‌డీసీకి లైను ఇస్తారు. ఫ్యాను గుర్రుమంటుంది, లోపలి సర్క్యూట్ పాడవుతుంది. రెగ్యులేటర్ తీసేసి స్విచ్ నుంచి నేరుగా ఇవ్వాలి. పాత ఫ్యాను నెమ్మదించిందని మాత్రం కొత్తది కొనకండి. చాలాసార్లు కండెన్సర్ మారిస్తే సరిపోతుంది. 2.5 ఎంఎఫ్‌డీదే ఎక్కువగా ఉంటుంది, పాతదాని మీద ఎంత రాసుందో అంతే వేయాలి.

గీజరులో 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45కు తేవడానికి సుమారు 0.35 యూనిట్ కావాలి. 60 దాకా కాచి చన్నీళ్లు కలుపుకునేవాళ్లు 0.6 ఖర్చుపెడుతున్నారు. వేడినీళ్లు మిగిలిపోతే ఆ తేడా వృథా. రెండు వేల వాట్ల గీజరుకు స్నానానికి పది పన్నెండు నిమిషాల ముందు స్విచ్ వేస్తే చాలు. ఇంట్లోవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెంటనే స్నానం చేసేస్తే ట్యాంకులో మిగిలిన వేడి కూడా పనికొస్తుంది. అదే గీజరుకు మునుపటికంటే ఎక్కువసేపు పడుతోందంటే, బోరు నీళ్ల సున్నం ఎలిమెంటు మీద గట్టిగా పేరుకుని ఉంటుంది. ఉప్పునీళ్ల ప్రాంతాల్లో ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించాలి. అప్పుడే లోపలి యానోడ్ కడ్డీ కూడా చూడమనండి, అది అరిగిపోతే ట్యాంకు తుప్పు పడుతుంది.

ఏసీని 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. మామూలు ఏసీ కంప్రెసర్ ఏ అంకెకైనా అదే శక్తితో పనిచేస్తుంది, కాకపోతే 18లో పెడితే ఆగకుండా నడుస్తుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 26లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. రెండు వారాలకోసారి ఫిల్టర్ కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి.

ఫ్రిజ్ తలుపుకూ రబ్బరుకూ మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే చల్లదనం అక్కడినుంచే పోతోంది, గాస్కెట్ మార్చాలి. రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపేయడం వల్ల పెద్దగా మిగలదు, పెరుగు పులుస్తుంది.

ఒక హార్స్‌పవర్ మోటారు అరగంట నడిస్తే దాదాపు అర యూనిట్. ట్యాంకు నిండి పొర్లిందంటే నీళ్లతోపాటు ఆ కరెంటూ పోయినట్టే, ట్యాంకు నిండగానే మోటారును ఆపేసే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి.

ఆన్‌లైన్‌లో అమ్మే 'పవర్ సేవర్' డబ్బా మాత్రం కొనకండి. ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందంటారు. అందులో ఉండేది సాధారణంగా ఒక కండెన్సరూ ఒక దీపమూ. అది పవర్ ఫ్యాక్టర్‌ను (లాగిన కరెంటులో ఎంత పనికొస్తోందో చెప్పే లెక్కను) కాస్త సర్దవచ్చేమో గానీ, ఇంటి మీటరు లెక్కించేది వాడిన యూనిట్లను. నమ్మకం కుదరకపోతే దాన్ని పెట్టి ఒకసారి, తీసి ఒకసారి ఎర్ర దీపం మినుకులు లెక్కపెట్టండి.