ఎనభైల సింథ్ పాప్ పాటను ఇంట్లనే పొడుగు మిక్స్ చేస్కునుడు ఎట్ల

నల్లగొండల పెండ్లి బరాత్ డీజేలు ఒక్క బీట్‌నే పది నిమిషాలు లాగుతరు కదా, ఎనభైలల్ల 12 ఇంచుల రికార్డుల మీద వచ్చిన ఎక్స్‌టెండెడ్ మిక్స్‌ది కూడా అదే లెక్క, క్లబ్బుల డాన్స్ ఆగొద్దని. న్యూ ఆర్డర్ అనే ఇంగ్లండు బ్యాండోళ్ల బ్లూ మండే పాట అయితే 1983ల ఏకంగా ఏడున్నర నిమిషాలతోనే వచ్చింది.

ముందుగాల ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దింపుకోండ్రి, ఫ్రీనే. ఈ సింథ్ పాప్ (సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద కట్టిన) పాటల్ల ఎక్కువ శాతం డ్రమ్ మెషీన్ కొట్టిందే కాబట్టి తాళం జరుగది, లూప్ చేసుడు, అంటే ఒక్క ముక్కనే మళ్ల మళ్ల తిప్పుడు, అల్కగుంటది. గొంతు లేకుండ ఉత్త డ్రమ్స్, బేస్ ఉన్న జాగ పట్టుకోండ్రి, మొదట్లనో నడుమనో దొరుకుతది. 120 బీపీఎం (నిమిషానికి 120 దెబ్బలు) పాటైతే నాలుగు దెబ్బలకు, అంటే ఒక బార్‌కు, రెండు సెకండ్లు, ఎనిమిది బార్లకు 16 సెకండ్లు, సరిగ్గ కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) పడే కాడ మొదలువెట్టి అంతే సెలెక్ట్ చేసి కీబోర్డు మీద జెడ్ నొక్కుండ్రి, కోత అంచులు శబ్దం సున్నా ఉన్న కాడికి జరుగుతయి, లేకుంటే అతుకు కాడ టిక్కుమంటది. అప్పట్ల టేపును బ్లేడుతోని కోసి అతికిచ్చేటోళ్లు, మనకు కాపీ పేస్టే. పాత క్యాసెట్ల నుంచి ఎక్కిచ్చిన పాటైతే మాత్రం స్పీడు జర అటిటు ఊగుతది, లెక్కను నమ్మకుండ చెవితోనే చూస్కోవాలె.

ఉత్తగ తిప్పితే బోరు కొడ్తది, మొదటి సారి డ్రమ్సే, రెండోసారికి పైన సింథ్ ముక్క, ఆనెంక ఒక్క మాటకు ఎకో. ఎకో మస్తు ఎక్కువ పెట్టకుండ్రి, ఫంక్షన్ హాల్ మైక్ లెక్కనే అయితది.