ఇరుకింట్లో సెన్సరీ గూడు, 3వ పాఠం: బట్టల స్టాండు, పాత చీర, పెసల సంచి

సెన్సరీ గూడంటే చప్పుళ్లు, వెలుగులు తట్టుకోలేని బిడ్డ కాసేపు నెమ్మదించడానికి ఇంట్లోనే కట్టే చిన్న చోటు. పోయిన వారం రాసుకున్న కాగితం ముందు పెట్టుకోండి. మీ బిడ్డ ఏ చప్పుడుకి చెవులు మూసుకుంటున్నాడు, ఏది చేతిలో ఉంటే నెమ్మదిస్తున్నాడు. ఇవాళ్టి సరుకుల చీటీ అదే.

సెన్సరీ రూమ్ అనగానే నీటి బుడగల గొట్టాలు, రంగు లైట్లు గుర్తొస్తాయి. 1970లలో నెదర్లాండ్స్‌లో మొదలైన స్నూజెలెన్ గదుల (వెలుగు, శబ్దం, స్పర్శలతో మనసుని నెమ్మదింపజేసే గదులు) చలవ అది. మాది సింగిల్ బెడ్‌రూమ్. టీవీ హాల్లోనే, రాత్రికి అత్తమ్మ పడకా హాల్లోనే. అందుకే మా గది వాడుకున్నాక మడిచి మంచం కిందికి తోసేసేలా ఉండాలి.

బట్టలారేసే మడత స్టాండుని గోడ మూలకి జరిపి, కిటికీ ఊచకి తాడుతో గట్టిగా కట్టండి. కట్టకపోతే, లోపల్నుంచి ఒక్క తన్ను తన్నితే మీద పడుతుంది. పైన ముదురు రంగు పాత నూలు చీర కప్పి క్లిప్పులు పెట్టండి. పాలిస్టర్ వద్దు, ఎండాకాలం లోపల ఉడికిపోతారు. ఒక పక్క ఎప్పుడూ తెరిచే ఉంచాలి. కింద చాప, బొంత.

ఇక ఒళ్లో పెట్టుకునే బరువు సంచి. పాత జీన్స్ కాలు మోకాలి దగ్గర కత్తిరించి ఒక కొస కుట్టేయండి. కాసిని పెసలు పోసి అడ్డంగా ఒక కుట్టు, మళ్లీ పెసలు, మళ్లీ కుట్టు. ఇలా ఆరేడు అరలు రావాలి. అరలు లేకపోతే గింజలన్నీ ఒక మూలకి జారి సంచి రోకలిబండలా తయారవుతుంది. 20 కిలోల బిడ్డకి కిలో సంచి చాలు. వాడంతట వాడు తీసి పక్కన పెట్టగలగాలి. నిద్రపోతే మీరే తీసేయండి. ఫిట్స్, ఆయాసం ఉన్న పిల్లలకైతే ముందు డాక్టర్ని అడగండి.

నేను మొదటిసారి బియ్యం పోశాను. వానాకాలంలో బొంత మీద ముక్కపురుగులు షికారు చేశాయి! ఇప్పుడు బాగా ఎండబెట్టిన పెసలు పోస్తున్నాను, వానలకి ముందే మార్చేస్తాను.

సంచితో పాటు చెవులకి ఇయర్‌మఫ్స్, ఒక మఖమల్ గుడ్డ ముక్క, మిణుకుమనని చిన్న లైటు. అంతే. బొమ్మల దుకాణం పెట్టొద్దు.

నేను చేసిన పెద్ద తప్పు చెప్తాను. మా వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే కంగారుగా గూడు కట్టి లోపలికి పొమ్మన్నాను. శిక్ష అనుకున్నాడు. నెల రోజులు ఆ మూలకే రాలేదు.

అందుకే ఈ వారం అభ్యాసం: రోజూ సాయంత్రం, మీ బిడ్డ హుషారుగా ఉన్నప్పుడు గూడు కట్టండి. ముందు చాప, తర్వాత చీర, చివర లైటు. రోజూ అదే వరుస. క్లిప్పులు వాడి చేతికివ్వండి. లోపలికి రానంటే బతిమాలొద్దు, మీరే వెళ్లి కూర్చోండి. ఎన్నో రోజున తొంగి చూశాడో రాసుకోండి. 4వ పాఠంలో ఈ సామానంతా భుజాన వేసుకుని, బ్యాండు మోగే పెళ్లికి వెళ్దాం.