నిమ్మ తొక్కల పొడి గడ్డకట్టకుండా ఎలా ఆపానంటే

నెల్లూరు జిల్లా పొదలకూరులో నిమ్మకాయలకు కరువు లేదు. రసం తీశాక మిగిలే తొక్కలతో హెర్బల్ టీకి, ఫేస్‌ప్యాక్‌కి పొడి చేద్దామనుకున్నాను. ఎండబెడితే రంగు చచ్చిపోయి గోధుమరంగుకు తిరిగేది. అందుకే ఒకచోట కూలికి ఫ్రీజ్ డ్రయింగ్ (గడ్డకట్టించి, గాలి తీసేసిన మిషన్‌లో ఆరబెట్టడం) చేయించాను. పచ్చగా, పెళపెళలాడుతూ వచ్చాయి. మూడో రోజుకి డబ్బాలో పొడి రాయిలా గడ్డకట్టింది! కిలోల లెక్కన డబ్బు పోసి చేయించుకున్న సరుకు.

మిషన్ నడిపే కుర్రాడే గుట్టు చెప్పాడు. "తొక్క ముట్టుకుంటే చల్లగా ఉందా, లోపల ఐసు మిగిలినట్టేనక్కా."

నిజమే. ఈ పద్ధతిలో ఐసు నీళ్లు కాకుండా నేరుగా ఆవిరైపోవాలి. వాక్యూమ్‌లో, అంటే గాలి తీసేసిన మిషన్ లోపల, ఒత్తిడి 6 మిల్లీబార్ల కంటే బాగా కిందికి దిగితేనే అది కుదురుతుంది. నేనేమో తెల్లటి గుజ్జుతో సహా మందపాటి ముక్కలు ట్రేలో గుట్టగా పోశాను, అందుకే లోపల ఐసు మిగిలిపోయింది.

ఈసారి గుజ్జు చెంచాతో గీకేసి, 2, 3 మిల్లీమీటర్ల పీలికలుగా కోసి, రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ఒకే వరసలో పరిచాను. అయిపోయిందనుకున్నాక ట్రే తూకం వేసి, ఇంకో రెండు గంటలు నడిపి మళ్లీ తూచాను. తూకం తగ్గలేదంటేనే ఆపడం. ట్రేలు గది వేడికి వచ్చాకే మూత తీశాం. లేకపోతే మన సముద్రపు గాలికి వెంటనే చెమ్మ పడుతుంది. అక్కడే చెమ్మ పీల్చే సిలికాజెల్ వేసి ఫాయిల్ కవర్లలో సీల్ చేశాను.

వాసన మాత్రం తాజా తొక్కంత ఘాటుగా లేదు. వాక్యూమ్‌లో నూనె కొంత పోతుందట. పొడి మాత్రం రెండు నెలలైనా చెంచాలోంచి జలజలా రాలుతోంది.