ఫేస్‌బుక్ ఖాతా పూర్తిగా తీసేయించాలంటే ఎవరికి, ఎలా దరఖాస్తు పెట్టుకోవాలి?

ముందే చెప్పేస్తున్నా, ఇది మీసేవలో అయ్యే పని కాదు. అమీర్‌పేటలో ఏ నెట్ సెంటర్ వాళ్లైనా డబ్బులిస్తే చేసిపెడతామంటే పాస్‌వర్డ్ మాత్రం చెప్పకండి.

లాగిన్ అవగలిగితే దరఖాస్తు అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, అందులో పర్సనల్ డీటెయిల్స్, దాని లోపల అకౌంట్ ఓనర్‌షిప్ అండ్ కంట్రోల్, అక్కడ డీయాక్టివేషన్ ఆర్ డిలీషన్. అంత లోపల ఎందుకు పెట్టారో వేరే చెప్పాలా! డీయాక్టివేట్ అంటే ఖాతా కనబడకుండా పోతుంది, అంతే. మీరు ఎంచుకోవాల్సింది డిలీట్. ఫొటోలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే వేరే యాప్‌లుంటే వాటికి మెయిల్ ఐడీ ఇచ్చుకోండి. ఇక 30 రోజులు ఆ యాప్ జోలికి పోవద్దు, ఈలోగా లాగిన్ అయితే డిలీట్ రద్దు చేసుకుంటారా అని అడుగుతుంది, చెయ్యి ఊరుకోదు కదా. గడువు దాటాక కూడా సర్వర్ల నుంచి మొత్తం పోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు.

అసలు చిక్కు పాత సిమ్ పోయి, ఓటీపీ ఇంకెవరికో వెళ్తున్నవాళ్లది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి సోషల్ మీడియా సంస్థా గ్రీవెన్స్ ఆఫీసర్ (అంటే ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, సంప్రదించే వివరాలు తన సైట్‌లో పెట్టాలి. ఆయనకు రాయండి: ప్రొఫైల్ లింకు, ఖాతాకున్న పాత నంబరు, మెయిల్, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు (ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా), ఖాతా శాశ్వతంగా తీసేయమని ఒక్క సూటి వాక్యం. సోది రాస్తే తయారుగా ఉన్న జవాబొకటి పంపి ఊరుకుంటారు. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. ఆ ఫిర్యాదు నంబరు, తేదీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాత అదే మీ రుజువు.

గ్రీవెన్స్ ఆఫీసర్ ఇచ్చిన జవాబు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లోపు కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీలు చేయొచ్చు. 2023 జనవరిలో ఇలాంటివి మూడు ఏర్పాటు చేశారు. అంతా ఆన్‌లైనే, జీఏసీ.గవ్.ఇన్‌లో, ఢిల్లీ వెళ్లే పని లేదు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయకుండా నేరుగా ఇక్కడికొస్తే పని జరగదు.

మీ ఖాతాతో ఎవరైనా మీ వాళ్లని డబ్బులడుగుతుంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టి సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు చేయండి, డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గూగుల్‌లో కనబడే కస్టమర్ కేర్ నంబర్లకు కాదు.