మట్టిలో మైకోరైజా – మూడవ పాఠం: వేరు లోపలి శిలీంధ్రాన్ని సిరాతో చూడడం

మైకోరైజా శిలీంధ్రాలు మొక్కల వేళ్లతో ఎలా జత కడతాయో, ఏ మొక్కలు వాటిని రానిస్తాయో గత రెండు పాఠాలలో చదివాం. ఈ పాఠంతో చేతిపని మొదలవుతుంది. పైన్, ఓక్ వంటి చెట్ల వేళ్ల కొసలను కప్పి ఉండే ఎక్టోమైకోరైజాను చాలాసార్లు కంటితోనే గుర్తుపట్టవచ్చు. పంట మొక్కలలో ఎక్కువ వాటికి తోడుండే ఆర్బస్క్యులర్ రకం మాత్రం వేరు కణజాలం లోపలే పెరుగుతుంది కనుక, అది ఉన్న వేరూ లేని వేరూ పైకి ఒకేలా కనిపిస్తాయి. రంగు వేసి చూస్తే తప్ప తేడా తెలియదు.

మనం వెతుకుతున్నది ఏమిటో ముందుగా స్పష్టం చేసుకుందాం. మొక్క భాస్వరాన్ని తీసుకునే రూపమైన ఫాస్ఫేట్ మట్టిలోని ఇనుము, అల్యూమినియం, కాల్షియంలకు గట్టిగా అంటుకుపోతుంది. అందువల్ల వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అందుబాటులో ఉన్న భాస్వరాన్ని పీల్చుకున్నాక, ఖాళీ అయిన ఆ వలయం మళ్లీ నిండడం నత్తనడకన సాగుతుంది. సుమారు 2 నుంచి 10 మైక్రోమీటర్ల మందం మాత్రమే ఉండే శిలీంధ్ర తంతువులు ఆ వలయాన్ని దాటి సెంటీమీటర్ల దూరం పోయి, వేరు దూరలేని సందులలోంచి భాస్వరాన్ని తెచ్చి, బదులుగా మొక్క నుంచి చక్కెరలనూ కొవ్వులనూ తీసుకుంటాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ప్రధానంగా జరిగే చోటు ఆర్బస్క్యూల్. తంతువు వేరు కణపు గోడను దాటి, కణ త్వచాన్ని చీల్చకుండా దానిని లోపలికి నెట్టుకుంటూ, సన్నని కొమ్మలుగా చీలిపోయిన నిర్మాణమది. దానిని స్పష్టంగా చూడగలిగిన రోజున ఈ పాఠం మీకు వచ్చినట్లే.

అభ్యాసానికి రెండు మొక్కలు తీసుకోండి. మొదటిది ఉల్లి: దాని వేళ్లు లావుగా, రంగు లేకుండా, చాలా తక్కువ మూలకేశాలతో ఉంటాయి కనుక లోపల ఉన్నది తేలికగా కనబడుతుంది. రెండవది ఆవ. ఆవ, క్యాబేజీ కుటుంబపు మొక్కలు ఈ శిలీంధ్రంతో జత కట్టవు కనుక, మన పద్ధతి సరిగా పనిచేస్తున్నదో లేదో అదే చెబుతుంది. (అన్ని మొక్కలకూ పనిచేస్తుందని రాసి ఉన్న మైకోరైజా పొట్లాన్ని అనుమానించడానికి ఈ ఒక్క కుటుంబం చాలు.) మరీ లేత మొక్కలను తీసుకోకండి, నాటిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు వేళ్లలో శిలీంధ్రం తగినంతగా వ్యాపిస్తుంది. మొక్కను లాగితే మనకు కావలసిన సన్నని వేళ్లు మట్టిలోనే తెగిపోతాయి, కాబట్టి మట్టితో సహా తవ్వి తీసి, నీళ్లలో నానబెట్టి, మెల్లగా కడగాలి. పక్కనున్న కలుపు మొక్కల వేళ్లు కలవకుండా చూసుకోవాలి. అదే రోజు పని చేయలేకపోతే వేళ్లను 50 శాతం ఆల్కహాల్‌లో నిల్వ ఉంచవచ్చు.

కడిగిన వేళ్లను సెంటీమీటరు ముక్కలుగా కోసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి, వేడినీళ్ల గిన్నెలో నిలిపి ఉంచితే కణాలలోని పదార్థం కరిగి వేరు పారదర్శకం అవుతుంది. లేత వేళ్లకు కొద్ది నిమిషాలు చాలు, ముదురు వాటికి అరగంట పైనే పట్టవచ్చు. గడియారం కన్నా వేరు రంగునే నమ్ముకోండి. ఈ క్షారం చర్మాన్నీ కళ్లనూ కాల్చేస్తుంది, కనుక చేతి తొడుగులూ కళ్లద్దాలూ తప్పనిసరి. క్షారపు పలుకులను నీటిలో కొద్దికొద్దిగా వేయాలే తప్ప పలుకుల మీద నీరు పోయకూడదు. అల్యూమినియం పాత్రలను ఇది తినేస్తుంది, గాజువే వాడాలి.

తరువాత వేళ్లను నీటితో బాగా కడిగి, ఫౌంటెన్ పెన్ సిరాను 5 శాతం మేర కలిపిన తెల్ల వెనిగర్‌లో మూడు నిమిషాలు మరిగించాలి. 1998లో వెలువడిన ఈ పద్ధతికి ముందు వాడుకలో ఉన్న రంగులు కొన్ని విషపూరితమైనవి. సిరాతో ఆ బెడద లేదు. అయితే అన్ని సిరాలూ పట్టవు, ముందు ఉల్లి వేరు మీద పరీక్షించుకోండి. చివరగా కొద్ది చుక్కల వెనిగర్ కలిపిన నీటిలో ఇరవై నిమిషాలు ఉంచితే, వేరు నుంచి అదనపు రంగు దిగిపోయి, శిలీంధ్రపు గోడలలో మాత్రం నిలిచి ఉంటుంది.

స్లైడు మీద గ్లిసరిన్ చుక్కలో ముక్కను పెట్టి, కవర్ స్లిప్‌తో మృదువుగా నొక్కి, ముందు 100 రెట్లు, తరువాత 400 రెట్లు పెద్దదిగా చూడండి. కణాల వరుసల మధ్య వేరు పొడవునా సాగే నీలి తంతువులు మొదట కంటబడతాయి. వాటిలో అడ్డుగోడలు దాదాపు ఉండవు. క్రమంగా అడ్డుగోడలు కనిపిస్తే అది వేరే శిలీంధ్రం. తంతువుల పక్కనే, కణాన్ని నింపేస్తూ, అంచులు మసకగా ఉన్న నీలి ముద్ద ఆర్బస్క్యూల్. ఫోకస్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ పోతే దాని మొదలూ చీలిన కొమ్మలూ విడివిడిగా తెలుస్తాయి. నున్నని అంచుతో, అండాకారంలో, లోపల కొవ్వు బిందువులతో ఉన్నవి వెసికిల్స్, అంటే శిలీంధ్రపు నిల్వ సంచులు. వేరు మధ్యలోని నాళాల స్తంభం కూడా నీలంగా కనిపించవచ్చు, కాని మైకోరైజా అక్కడికి చొరబడదు. ఆ భాగంలో తంతువులు ఉంటే తెగులును అనుమానించాలి.

లెక్కించడానికి, గడులు గీసిన పళ్లెంలో వేరు ముక్కలను చెల్లాచెదురుగా పరిచి, వేరు గీతను దాటే ప్రతి చోటా శిలీంధ్రం ఉందా లేదా అని చూడాలి. కనీసం 100 చోట్లు చూసి, ఉన్నవాటి శాతం కట్టండి. ఆవ వేరులో అక్కడక్కడ తంతువులు కనబడినా ఆర్బస్క్యూల్స్ కనబడకూడదు.

ఈ శాతాన్ని మొక్క ఆరోగ్యానికి మార్కులుగా చదవడం తగదు. భాస్వరం దండిగా ఉన్న నేలలో మొక్క శిలీంధ్రాన్ని పిలిచే స్ట్రిగోలాక్టోన్ అనే సంకేతాన్ని వేరు నుంచి తక్కువగా విడుదల చేస్తుంది, లోపల శిలీంధ్రమూ తగ్గుతుంది. అటువంటి చోట తక్కువ శాతం రోగ లక్షణం కాదు, పైగా శిలీంధ్రానికి పోయే చక్కెర మొక్కకు నష్టమే కావచ్చు. భాస్వరం కొరతగా ఉన్న నేలలో ఉల్లి వేరు ఖాళీగా కనబడితే మాత్రం, మాటిమాటికీ దున్ని తంతువుల అల్లికను తెంపామా, నేలను చాలాకాలం మొక్కలు లేకుండా వదిలేశామా అని ఆరా తీయాలి. ఆర్బస్క్యూల్ బతికేది కొద్ది రోజులే కనుక, ముదురు వేరులో వెసికిల్స్ మాత్రమే మిగిలి ఉండడమూ మామూలే.

వచ్చే పాఠానికి ముందు ఒకే మొక్క వేళ్లను రెండు వాటాలు చేసి విడివిడిగా లెక్కించండి. రెండు శాతాల మధ్య తేడా పదికి మించితే ఇంకా ఎక్కువ చోట్లు చూడవలసి ఉంటుంది. ఆ అంకెలను రాసి ఉంచండి. శిలీంధ్రాలు లేకుండా శుద్ధి చేసిన మట్టితో, చేయని మట్టితో కుండీలలో మొక్కలను పెంచి పోల్చే నాలుగవ పాఠంలో వాటితో పని ఉంటుంది.