పాత మండువా ఇల్లు చవగ్గా వచ్చిందా? సమస్యలు, పరిష్కారాలు

కోనసీమలోనూ కృష్ణా డెల్టాలోనూ తాళం పడిన మండువా ఇళ్లు, అంటే నడిమధ్య పైకప్పు లేని వాకిలి (మండువా) ఉన్న పెంకుటిళ్లు, ఇప్పుడు అమ్మకానికి బాగానే వస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డాక ఇంటికంటూ వెల కట్టేవాళ్లుండరు. స్థలం రేటు, కలప రేటు కలిపి బేరం తెగుతుంది. చాలామంది టేకు స్తంభాల కోసమే కొని విప్పేస్తారు. విప్పకుండా నిలబెట్టాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

"గ్రామకంఠం అండీ, ఇంటిపన్ను రసీదు ఉంది, చాలు" అంటున్నారు

కారణం: గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఇళ్లు తాతల నుంచి చేతులు మారాయే తప్ప చాలావాటికి కాగితం పుట్టలేదు. పన్ను రసీదుతో హక్కు రాదు.

ఏం చేయాలి: ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగాలి. తర్వాత వంశవృక్షం రాయించి ఆడపిల్లల పేర్లు లెక్కపెట్టండి. ఆడపిల్లలకు ఆస్తిలో వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన, 1985 నుంచి అమలైన చట్టం అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు వర్తించలేదు. 2005 కేంద్ర సవరణతో వాళ్లకూ పూర్వీకుల ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. తండ్రి 2005కి ముందే పోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలు జరిగి ఉంటే సంగతి వేరు. "మా అక్కయ్యలు ఏమీ అనరండీ" అన్న మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి, వాళ్ల సంతకాలు కావాలి.

గోడ అడుగున చెమ్మ, తెల్లటి ఉప్పు, ఊడుతున్న పెచ్చులు

అందరూ తప్పు మందు వేసేది ఇక్కడే.

కారణం: ఇటుక, సున్నంతో కట్టిన గోడ నేలలోని తడిని పీల్చుకుని, మళ్లీ గాలికి వదిలేస్తుంది. మధ్యలో ఎవరో సిమెంటు ప్లాస్టరింగు చేయించి పైన ఆయిల్ పెయింటు వేయిస్తారు. తడికి బయటికి దారి ఉండదు, ఇంకా పైకి ఎక్కుతుంది. దాంతో వచ్చిన ఉప్పు ఇటుక ముఖాన్నే రాలగొడుతుంది.

ఇంకో కారణం వీధిలో ఉంటుంది. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు పోసి పోసి వీధి అరుగు ఎత్తుకు వచ్చేసింది. మండువా నీళ్లు బయటికి పోయే తూము మూతి ఆ రోడ్డు కింద పూడిపోయి ఉంటుంది. మండువాలో రెండు బిందెల నీళ్లు పోసి చూడండి. అక్కడే నిలబడితే జబ్బు తెలిసినట్టే.

ఏం చేయాలి: ముందు తూము. పూడిక తీసి, వీధి ఎత్తయితే పెరటి వైపు వాలు పెట్టి కొత్త దారి తవ్వించండి. ఆ తర్వాత చెమ్మ గీతకు ఒక అడుగు పైదాకా సిమెంటు చెక్కించి, గోడను ఒక వేసవి అంతా ఆరనివ్వండి. అప్పుడే సున్నం పూత: గుంటలో బాగా నానిన సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు. గట్టిపడేదాకా తడుపుతూ ఉండాలి. పైన వెల్ల వేస్తే చాలు. ఈ పని తెలిసిన ముసలి తాపీమేస్త్రి దొరికితే కూలి దగ్గర బేరమాడకండి.

వానకు మండువా మూలల్లో కారుతోంది

కప్పు రెండు వాలులు కలిసే మూలలో రేకు తుప్పు పట్టి ఉంటుంది, లేదా ఆకులు అడ్డం పడి ఉంటాయి. పెంకులు లేపి రేకు మార్చండి. విప్పుతున్న ఇళ్ల దగ్గర అదే కొలత పెంకులు దొరుకుతాయి, కొన్ని ఎక్కువే తెచ్చి పెట్టుకోండి. పెంకుల మీద కాంక్రీటు మాత్రం పోయకండి, ఆ బరువు వాసాలు మోయలేవు.

దూలం పైకి బాగానే ఉంది, కొడితే డొల్ల మోత

గోడలో దూరిన కొస ముందు పుచ్చుతుంది, గాలి తగలదు కాబట్టి. అక్కడ ఉలితో పొడిచి చూడండి. మెత్తగా దిగినంత మేరే కోసి, పాత టేకు ముక్కతో అతుకు వేయిస్తే దూలం దక్కుతుంది. కొస చుట్టూ వేలు దూరేంత సందు వదలండి. గోడ మీద చెదల మట్టి దారి కనిపిస్తే మందు ముందు నేలకు పట్టించాలి.

గోడలో పగులు

నల్లరేగడి నేల వేసవిలో కుంచించుకుపోయి, వానకు ఉబ్బుతుంది, ఆ కదలికకు గోడ పగులుతుంది. పగులుకు అడ్డంగా సున్నం పట్టీ వేసి తేదీ రాయండి. వానాకాలం, వేసవి రెండూ గడిచినా పట్టీ చెక్కుచెదరకపోతే పగులు సున్నంతో పూడ్చుకోవచ్చు. పట్టీ విరిగితే పునాది చూడటానికి ఇంజినీరును పిలవండి.