రెండో గీత ఉన్నట్టా, లేనట్టా? గర్భ పరీక్ష కిట్ తికమకలు

రాత్రి పదకొండు గంటలకు మా అక్క కూతురు ఫోనులో ఒక ఫోటో పంపింది. "పిన్నీ, రెండో గీత ఉన్నట్టా, లేనట్టా?" ట్యూబులైటు వెలుగులో తీసిన ఫోటో. పెద్దది చేసి చూశాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. టి అక్షరం దగ్గర నీడలాంటిదేదో ఉంది. ఎప్పుడు చేశావని అడిగితే, "పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు చేశాను, అప్పుడు ఒకటే గీత. ఇప్పుడు చెత్తబుట్టలోంచి తీసి చూస్తే ఇలా ఉంది" అంది. ఇక ఆ ఫోటోతో పని లేకపోయింది.

కిట్ విషయంలో వచ్చే అనుమానాల్లో సగానికి పైగా ఆ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతాయి: ఎప్పుడు చేశారు, ఎంతసేపటికి చూశారు?

మందుల దుకాణాల్లో వంద రూపాయల లోపు దొరికే కిట్లూ, ఆశా కార్యకర్తలు ఇచ్చే 'నిశ్చయ్' కిట్లూ దాదాపు ఒకే తీరులో పనిచేస్తాయి. చిన్న ప్లాస్టిక్ పలక, ఒక చివర మూత్రం చుక్కలు వేసే గుంట, మధ్యలో కిటికీ, దాని పక్కన సి, టి అక్షరాలు. అది వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోను కోసం. పిండం గర్భసంచి గోడకు అతుక్కోవడం మొదలయ్యాకే ఆ హార్మోను ఒంట్లో కనిపిస్తుంది. చాలా కిట్లలో గీతకు గులాబీ రంగు ఇచ్చేవి అతి సూక్ష్మమైన బంగారు రేణువులు. అంత చవక వస్తువులో బంగారమా అని నేనూ మొదట నమ్మలేదు. సి గీత పడితే ద్రవం పట్టీ మీదుగా సరిగా పారిందని మాత్రమే అర్థం. గర్భం సంగతి చెప్పేది టి.

టి దగ్గర లేతగా ఏదో ఉంది

పెట్టె మీద రాసిన సమయంలోపే, అంటే చాలా కిట్లలో 5 నిమిషాల దగ్గర చూశారనుకుందాం. గీత ఎంత లేతగా ఉన్నా దానికి గులాబీ రంగు ఉండి, సి గీత అంత వెడల్పుతో పైనుంచి కిందిదాకా ఉంటే, హార్మోను ఉన్నట్టే లెక్క. ఎక్కువ కిట్లు మిల్లీలీటరుకు సుమారు 25 మిల్లీ యూనిట్ల దగ్గర హార్మోనును పసిగడతాయి. నెల తప్పిన తొలి రోజుల్లో దాని మోతాదు ఆ అంచునే ఉండవచ్చు కాబట్టి గీత వెలిసిపోయినట్టు పడుతుంది. మొదటి వారాల్లో హార్మోను సుమారు రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతుంది. అందుకే గంట తర్వాత ఇంకో కిట్ వాడితే డబ్బు దండగ. రెండు రోజులు ఆగి, పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రంతో కొత్త కిట్ మీద చూడండి. వేరే కంపెనీ కిట్‌తో రంగు పోల్చవద్దు, ఒక్కో దాని సున్నితత్వం ఒక్కో రకం. గర్భం కావాలనుకునేవారు ఇంకా మొదలుపెట్టకపోతే, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గురించి ఈలోగానే డాక్టరును అడగవచ్చు.

పది నిమిషాలు దాటాక కనిపించిన గీత కథ వేరు. మూత్రం ఆరిపోతున్నప్పుడు, లోపల యాంటీబాడీ (హార్మోనును పట్టుకునే ప్రోటీన్) పూసిన చోట బూడిదరంగు మరక మిగిలిపోతుంది. రంగు ఉండదు, గీత సన్నగా, తెగినట్టు ఉంటుంది. మా పిల్ల చూసింది బహుశా అదే. దాన్ని బట్టి అవుననీ కాదనీ అనలేం, ఆ కిట్‌ను పారేయడమే. పలక విప్పదీసి లోపలి పట్టీని వెలుగుకు పట్టి చూడటం, ఫోనులో రంగులు మార్చి చూడటం వల్ల లేని గీతలు కూడా పుట్టుకొస్తాయి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, మామూలు కళ్లతో చూడండి. రెండు రోజుల తర్వాత మా పిల్లకు కొత్త కిట్‌లో ఒకటే గీత వచ్చింది, ఆ వారంలోనే నెలసరీ వచ్చింది.

సి గీతే పడలేదు, లేదా కిటికీ అంతా గులాబీగా అలుక్కుపోయింది

టి దగ్గర గీత ఉన్నా సరే, సి లేకపోతే ఆ పరీక్ష చెల్లదు. చుక్కలు తక్కువ పడి ఉంటాయి, గడువు తీరి ఉంటుంది, లేదా కవరు ముందే చించి పెట్టడం వల్ల చెమ్మ తగిలి ఉంటుంది. చుక్కలు మరీ ఎక్కువైనా రంగు అలుక్కుపోతుంది. కవరు అప్పటికప్పుడే చించి, పలకను చదునైన చోట పెట్టి, పెట్టె మీద చెప్పినన్ని చుక్కలే (సాధారణంగా రెండు మూడు) వేయండి. వెంట వచ్చే చిన్న పొట్లం తేమ పీల్చేది, దాన్ని మూత్రంలో కలపకూడదు. నవ్వకండి, కలిపినవాళ్లున్నారు.

నెల తప్పింది, కిట్‌లో మాత్రం ఒకటే గీత

ఇక్కడ తరచూ తప్పేది కిట్ కాదు, మన లెక్క. అండం విడుదలైన సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది. ఇరవై ఎనిమిది రోజులకు వచ్చేవారికి పద్నాలుగో రోజు దగ్గర విడుదలయ్యే అండం, నలభై రోజులకు వచ్చేవారికి ఇరవై ఆరో రోజు దగ్గర విడుదల కావచ్చు. ఆ తర్వాత పిండం అతుక్కోవడానికి 6 నుంచి 12 రోజులు, ఎక్కువమందిలో 8 నుంచి 10 రోజులు పడుతుంది. కాబట్టి మీరు నెల తప్పిందనుకున్న రోజుకు హార్మోను ఇంకా మొదలే కాకపోవచ్చు. వేసవిలో సీసాలకు సీసాలు నీళ్లు తాగి సాయంత్రం చేసే పరీక్షలోనూ మూత్రం పలచబడి గీత తప్పిపోతుంది.

వారం ఆగి మళ్లీ చూడండి. నెలసరి ఎప్పుడూ క్రమంగా రాని వారు, చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టి చేస్తే నమ్మదగిన జవాబు వస్తుంది. అప్పటికీ ఒకటే గీతయితే కారణం వేరేచోట వెతకాలి: థైరాయిడ్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల గాడి తప్పే సమస్య), ఒక్కసారిగా బరువు తగ్గడం లేదా పెరగడం, అత్యవసర గర్భనిరోధక మాత్ర, పాలివ్వడం. పాలిచ్చే తల్లికి నెలసరి తిరిగి మొదలవకముందే గర్భం రావచ్చు, ఆ సంగతి మరిచిపోయి నిశ్చింతగా ఉండేవారు చాలామంది.

అరుదుగా మరో వింత ఉంది. మూడో నెల దాటి, పొట్ట తెలుస్తున్నా కిట్ లేదంటుంది. హార్మోను మరీ ఎక్కువైతే పట్టీలోని యాంటీబాడీలన్నీ విడివిడిగా నిండిపోయి, గీత కట్టడానికి ఏవీ మిగలవు. ముత్యాల గర్భంలోనూ (పిండానికి బదులు గర్భసంచిలో నీటి బుడగల్లాంటి గడ్డ పెరిగే స్థితి) ఇలా జరగవచ్చు. లక్షణాలు బలంగా ఉంటే కిట్‌ను పక్కనపెట్టి స్కానింగ్ చేయించుకోవాలి.

ఇక మూత్రంలో ఉప్పు, పంచదార, టూత్‌పేస్టు కలిపి నురగ వస్తే గర్భమేననే ఇంటి చిట్కాలు. వాటిని నమ్మకండి. మూత్రంలో పుల్లదనం ఉంటే పేస్టులోని సుద్ద నురగ కక్కుతుంది, మగవాడి మూత్రమైనా అంతే.

రెండు గీతలున్నాయి, అయినా నమ్మలేం

సంతాన చికిత్సలో హెచ్‌సీజీ ఇంజక్షన్ తీసుకున్నవారికి ఆ మందే రెండో గీత చూపిస్తుంది. అది ఒంట్లోంచి పోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది కనుక డాక్టరు చెప్పిన తేదీ దాకా ఆగాలి. ప్రసవం, గర్భస్రావం తర్వాతా కొన్ని వారాలు హార్మోను మిగిలే ఉంటుంది. గర్భస్రావపు మాత్రలు వేసుకున్న వారానికే కిట్ పెట్టి, రెండు గీతలు చూసి మళ్లీ మాత్రలు కొనడం ప్రమాదకరం. అసలు స్కానింగ్ లేకుండా దుకాణంలో అడిగి ఆ మాత్రలు వేసుకోవడమే తప్పు. ముట్లుడిగే వయసులోనూ కొందరికి పిట్యూటరీ గ్రంథి నుంచి కొద్దిగా ఈ హార్మోను వస్తుంది. పారాసిటమాల్, యాంటీబయాటిక్స్, రోజువారీ గర్భనిరోధక మాత్రలు మాత్రం ఫలితాన్ని మార్చవు.

రెండు గీతలు పడ్డాక రక్తస్రావం, లేదా గీత రోజురోజుకూ లేతబడటం

కొన్ని గర్భాలు అతుక్కున్న కొద్ది రోజులకే నిలవకుండా పోతాయి. కిట్ లేని రోజుల్లో వీటిని నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన నెలసరి అనుకుని ఊరుకునేవారు. ఎవరి తప్పూ కాదు, బరువులెత్తడం వల్లా కాదు.

కానీ ఇదే లక్షణం వెనుక గర్భసంచి బయట, ఎక్కువగా ట్యూబులో నిలిచిన గర్భం ఉండవచ్చు. ఇక్కడ కిట్లు కొనడం ఆపేసి, ల్యాబ్‌లో బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించాలి. మిల్లీలీటరుకు 5 మిల్లీ యూనిట్ల లోపు ఉంటే గర్భం లేనట్టు, 25 దాటితే ఉన్నట్టు, మధ్యలో ఉంటే 48 గంటల తర్వాత మళ్లీ. ఒక అంకె కన్నా రెండు అంకెల మధ్య పెరుగుదలే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

పొత్తికడుపులో ఒకవైపు పొడిచినట్టు నొప్పి, భుజం కొనలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే 48 గంటలు కాదు, ఒక్క గంట కూడా ఆగకూడదు. రాత్రయినా 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదట చెప్పాల్సినవి "కిట్‌లో రెండు గీతలు పడ్డాయి" అన్న మాట, చివరి నెలసరి తేదీ. ఆ మాట ఎవరి ముందు చెప్పాలా అని మొహమాటపడితే, కడుపునొప్పికి గ్యాస్ మాత్ర ఇచ్చి ఇంటికి పంపేస్తారు.